నవ్వు ఆగాక దీపం

గొడుగుల కొట్టు మేడ మీది గదిలో ఏ రెండు కుర్చీలూ ఒక తల్లి బిడ్డల్లా లేవు. ఒకటి మంగలి షాపు నుంచి వచ్చింది, తల ఆనించుకునే దిండుతో సహా. కొన్ని చిన్నపిల్లల బడి నుంచి వచ్చాయి, పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. మిగతావి ఎవరింట్లోనో విరిగి, ఇంకెవరో అతికి, చివరికి ఎవరికీ అక్కర్లేదని ఇక్కడికి చేరినవి. ఊళ్లో ఆ వారమంతా ఫ్రింజ్ ఫెస్టివల్. పెద్ద హాళ్లలో పేరున్నవాళ్లు ఆడుతుంటే, వాటి చుట్టుపక్కల ఖాళీగా ఉన్న ప్రతి మేడగదిలోనూ, కొట్టు వెనకా, షెడ్డులోనూ పేరు లేనివాళ్లు ఆడుకునే పండగ అది. చీరకు అంచు ఎలాగో పెద్ద పండక్కి ఇది అలాగ. అంచు చూసి చీర కొనేవాళ్లూ ఉంటారు కదా, ఆ ఆశ మీదే నడుస్తుంది అంతా.

మైకు వదినకు దొరికింది ఈ గది. దొరికిన వేళ భోజనాలయ్యాక, మనుషులకు కునుకు పట్టే వేళ. దొరికిందే మహాభాగ్యం అనుకుంది ఆవిడ. ఇంటా బయటా అందరూ ఆవిడను మైకనే అంటారు, ఎందుకంటే మొన్న మొన్నటిదాకా బస్టాండులో గాజుగదిలో కూర్చుని ఏ బస్సు ఎక్కడికి వస్తుందో మైకులో చెప్పే ఉద్యోగం ఆవిడది. వేలమంది చెవిలో పడ్డ గొంతే గానీ, విన్నవాళ్ల మొహం ఒక్కటీ ఆవిడ ఎరగదు. అద్దానికి అవతల అందరూ సంచులు చూసుకుంటూ, గడియారం చూసుకుంటూ ఉండేవాళ్లు. అందుకే ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, తను మాట్లాడుతుంటే ఎదురుగా మనుషులు కూర్చుని విని నవ్వితే చూడాలనే ఆశ పట్టుకుంది ఆవిడకు. గంటసేపు ఒక్కతే నిలబడి బస్టాండు కబుర్లు చెప్పి నవ్వించే కామెడీ షో తయారు చేసుకుంది.

లైటు వెయ్యడానికి తమ్ముడి భార్యను వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్లను ఇంట్లో నిదానం అంటారు. నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు, కానీ ఆ ఇంట్లో ఆ మాట తిట్టు కింద వాడతారు. మందుల కంపెనీలో మాత్రల అట్టలు చూసే పని ఆ పిల్లది. అట్టను వెలుతురుకెత్తి, బొటనవేలు దాని మీద నడిపిస్తుంది. మాత్ర లేని గుంట దగ్గర వేలు దానంతటదే ఆగిపోతుంది. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, వెంట్రుకవాసి అటూ ఇటూ జరగదు. నీళ్లు మరిగేదాకా చూడవే అంటే మొదటి బుడగ దగ్గర కాదు, కుండంతా కుతకుతలాడే దాకా కదలదు.

గదికంతటికీ ఒకటే పెద్ద లైటు, ఇనపకడ్డీకి బిగించి ఉంది. దాని మీట జనం వెనక, గోడ దగ్గర చిన్న బల్ల మీద. మెల్లగా కిందికి లాగితే మెల్లగా, గబుక్కున లాగితే గబుక్కున ఆరిపోతుంది. మొదటిరోజు, తెరగా కట్టిన దుప్పటి వెనక పాత యూనిఫారం కోటు గుండీలు పెట్టుకుంటూ వదిన చెప్పింది:

“చివరి మాట అనగానే జనం నవ్వుతారు. నవ్వులు ఆగాక దీపం ఆర్పు. మధ్యలో ఆర్పావంటే నా కష్టమంతా చీకట్లో కలిసిపోతుంది.”

“నవ్వులు ఆగాక,” అని తనలో తను ఒకసారి అనుకుని, నిదానం వెళ్లి బల్ల దగ్గర కూర్చుంది.

జనం వచ్చారు అనడం కన్నా కొందరు లోపలికి చేరారు అనడం సబబు. మర్యాద కోసం కింద గొడుగుల కొట్టాయన వచ్చాడు. బజారులో తిరిగి కాళ్లు నొప్పెట్టిన మొగుడూ పెళ్లాలు కూర్చునే చోటు కోసం వచ్చారు. ఒక పెద్దాయన పేపరు పట్టుకుని మంగలి కుర్చీలో వాలాడు. మెట్ల మీద, తర్వాతి ఆట కోసం కాచుకున్న గారడీ ఆయన పంజరంలో పావురాలు గుటగుటమంటున్నాయి. వదిన గంట మోగినట్టు నోటితోనే చప్పుడు చేసి మొదలుపెట్టింది.

ప్రయాణికులకు విజ్ఞప్తి, రావలసిన బస్సు తప్పక వస్తుంది, రాకపోతే అది రావలసిన బస్సు కాదు, అంది. పెళ్లయిన కొత్తలో నేను ఏమండీ అంటే చాలు మా ఆయన సంచి తీసుకుని లేచి నిలబడేవాడు, నా గొంతు వింటే బస్సొచ్చిందనుకునేవాడు పాపం, అంది. తప్పిపోయిన పిల్లాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని బిస్కెట్టు పెట్టి, మీ అమ్మేదిరా అంటే, తప్పిపోయింది అన్నాడని చెప్పింది. ఆఖర్న తన ఉద్యోగం ఎలా పోయిందో చెప్పింది. తన గొంతే మిషన్లోకి ఎక్కించుకుని, ఇక మీరు దయచెయ్యండి అన్నారట. ఇప్పుడు తను బస్టాండుకు వెళ్తే, వెనక్కి జరగమని తనను తనే అదిలిస్తుందట. దాంతో వాదించి చూసిందట, వినలేదట. ఇంట్లో వాళ్లూ నా మాట వినరు, అది నిజంగా నా గొంతేనని అప్పుడు నమ్మకం కుదిరింది, అంది.

ఇవన్నీ ఇంట్లో చెబితే తమ్ముడు పొట్ట పట్టుకునేవాడు. ఇక్కడ మాత్రం పేపరు మడత చప్పుడు, పావురాల గుటగుట. వదిన మిగతాది గబగబా కానిచ్చింది. చివరి మాటకొచ్చింది. మళ్లీ నోటితో గంట మోగించి, “చివరి బస్సు వెళ్లిపోయింది. ఇంకా ఇక్కడ నిలబడ్డవాళ్లు ఎందుకు నిలబడ్డారో వాళ్లకే తెలియాలి,” అని ఆగింది.

ఎవరూ నవ్వలేదు. దీపం ఆరలేదు.

వదిన నిలబడింది. లైటు నెత్తి మీద వేడిగా కాస్తోంది. ఓరకంట వెనక గోడ వైపు చూసింది. నిదానం మీట మీద చెయ్యేసి, మొహం పైకెత్తి, ఊరికెళ్లే బస్సు కోసం చూసినట్టు చూస్తోంది. వదిన కనుబొమలు ఎగరేసింది. ఆ పిల్ల ధైర్యంగా ఉండమన్నట్టు తలూపింది. ఇంకేం చెయ్యాలో తెలీక వదిన చరచరా నడిచి దుప్పటి వెనక్కి వెళ్లిపోయింది. ఉత్త చెక్కల మీద లైటు అలా వెలుగుతూనే ఉంది. గొడుగుల కొట్టాయన చప్పట్లు మొదలుపెడితే మిగతావాళ్లు పాపమని అందుకున్నారు.

జనం దిగిపోయాక ఎందుకు ఆర్పలేదే అని అడిగింది వదిన, పళ్ల బిగువున.

“ఇంకా నవ్వలేదు కదా వదినా,” అంది నిదానం.

ఆ మాటతో కట్ట తెగింది. మొద్దువనీ, మట్టిబుర్రవనీ, అందరూ చూస్తుండగా తన పరువు నడిబజారులో ఆరేశావనీ నోటికొచ్చినవన్నీ అంది. మైకు కదా, మేడ మీద అంటే వీధి చివరికి వినిపించింది. నిదానం ఏదో చెప్పబోయింది, ఒకాయన, అని మొదలుపెట్టింది కూడా. వదిన చెయ్యి అడ్డం పెట్టింది. ఆ పిల్ల మాట మింగేసి, లైటు చల్లారాక గుడ్డతో తుడిచి, కుర్చీలు వరసకు సర్ది, గారడీ ఆయన సామాను లోపలికి రావడానికి దారి ఇచ్చింది.

మెట్ల దగ్గర మేడ మేనేజరమ్మ మెళ్లో తాళాల గుత్తితో నిలబడి ఉంది. చెడ్డది కాదు, మెత్తగానే చెప్పింది. గారడీ ఆయన ఆటకు వచ్చే జనం గదిలో పట్టడం లేదట, ఇంకో ఆటకు వేళ అడుగుతున్నాడట. ఎల్లుండి కూడా ఈ గది ఇలాగే ఉంటే, మిగిలిన రోజుల మధ్యాహ్నాలు ఆయనకు ఇవ్వక తప్పదంది. వదిన అలాగేనమ్మా అంది. ఇంకేమంటుంది.

ఆ సాయంత్రం బస గదిలో తమ్ముడు ఫోను చేశాడు. వదిన వాడి పెళ్లాం ఘనకార్యం వాడికి పూసగుచ్చినట్టు చెప్పింది. నిదానం గోడ వైపు తిరిగి కోటుకు ఇస్త్రీ చేస్తోంది. కాలరు దగ్గర, గుండీల చుట్టూ, పెట్టె ముక్కుతో మెల్లగా తోస్తోంది. దాన్నేం అనకక్కా, ఏడాదంతా దాచుకున్న సెలవంతా పెట్టి నీతో వచ్చింది, అన్నాడు తమ్ముడు. నేనేమన్నాన్రా, ఉన్న మాటే అన్నాను, అని ఫోను పెట్టేసింది వదిన. పొద్దున లేచి, లైటు సంగతి వేరే ఏర్పాటు చేశాననీ, కింద వీధిలో నిలబడి కరపత్రాలు పంచమనీ చెప్పి ఆ కట్ట చేతిలో పెట్టింది. నిదానం తీసుకుని అంచులు సవరించింది.

కొత్త లైటతను గట్టివాడు. ఆ వీధిలో ఎన్నో గదులకు అతనే లైటు వేస్తాడు, ఒక చోట ఆర్పి ఇంకో చోటికి పరుగెత్తుతాడు. వదిన చివరి మాట నోట్లోంచి ఊడిపడిందో లేదో కత్తితో కోసినట్టు చీకటి చేశాడు. చీకట్లో చప్పట్లు మోగాయి. హమ్మయ్య అనుకుంది. రెండోరోజు మొదటిరోజు కంటే జనం నయం, మూడోరోజు అంతకంటే నయం. బడి కుర్చీల్లో కూడా మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. తన పేరు మెల్లగా పాకుతోందనుకుని వదిన లోలోపల మురిసింది. కానీ ఒకటి మాత్రం ఆవిడకు ముల్లులా గుచ్చుతోంది. మధ్యలో మొహాలు కాస్త విచ్చుకుంటున్నాయి, పెదాలు సాగుతున్నాయి. నవ్వు మాత్రం బయటికి రావడం లేదు. చివర్లో లైటు టక్కున ఆరి, మళ్లీ వెలిగేసరికి అందరూ లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. మళ్లీ అద్దానికి ఇవతల కూర్చున్నట్టే ఉంది. చప్పట్లు కొట్టిన వాళ్ల మొహాలు చీకట్లో ఎవరు చూశారు?

మూడోరోజు ఆటయ్యాక మేనేజరమ్మ మళ్లీ ఎదురై, జనం పరవాలేదు గానీ నవ్వు వినపడదేం అంది. మెట్ల కింద దాకా నవ్వు వినపడితేనే రేపటి జనం వస్తారట. రేపు ఒక్కరోజు తలుపు దగ్గర నిలబడి తనే చూస్తానంది, ఆ తర్వాత ఏ సంగతీ చెప్పేస్తానంది.

వదిన కోటు చేతి మీద వేసుకుని మెట్లు దిగుతుంటే గారడీ ఆయన పంజరం మీద గుడ్డ సర్దుతూ పక్కకు జరిగాడు. రేపు తన వేళ పట్టుకుపోయేవాడు కదా అని వదిన మొహం తిప్పుకోబోయింది. ఆయనే పలకరించాడు.

“మొదటిరోజు చివర్లో అలా నిలబడిపోయారు చూడండి, అది తీసేశారేంటమ్మా?”

అది ఆట కాదు, పొరపాటు, అంది వదిన.

పొరపాటా అని ఆయన నోరు తెరిచాడు. తలుపు సందులోంచి చూశాడట. చివరి బస్సు వెళ్లిపోయింది, ఇంకా నిలబడ్డవాళ్లెవరో అని ఆవిడే అని, ఆవిడే గుడ్లప్పగించి నిలబడితే, నవ్వాపుకోలేక పావురం తోకలో మొహం దాచుకున్నాడట. ఆవిడ పారిపోకుండా ఇంకాస్త ఉండి ఉంటే లోపలివాళ్లూ నవ్వేవాళ్లట. మా పనీ అంతేనమ్మా, అన్నాడు, డబ్బా తెరిచి పావురం లేదని చూపించాక చెయ్యి ఆపాలి, చెయ్యి ఆగితేనే జనం కంటికి ఆనుతుంది.

వదిన మెట్టు మీదే నిలబడిపోయింది. తర్వాత మెల్లగా కిందికి దిగింది. గొడుగుల కొట్టు ముందు తెరిచిన గొడుగులు వరసగా వేలాడదీసి ఉన్నాయి. వాటి అవతల వీధిలో నిదానం. కరపత్రాలు పంచేవాళ్లు వీధి నిండా ఉన్నారు. ఒకడు కాళ్లకు కర్రలు కట్టుకుని నడుస్తున్నాడు, ఒకడు డప్పు కొడుతున్నాడు, అందరూ జనం చేతుల్లో కాగితాలు కుక్కుతున్నారు. నిదానం మాత్రం గోడ పక్కన ఒకే కాగితం పట్టుకుని నిలబడింది. ఎవరైనా నడక తగ్గించేదాకా ఆగుతుంది. తగ్గించాక ఒక అడుగు వేస్తుంది. ఒక పెద్దావిడ, కూరల సంచి చేతులు మార్చుకోవడానికి ఆగింది. నిదానం ఆ సంచికి ఒక చెవి పట్టుకుని సాయం చేసి, అప్పుడు మాట్లాడింది. వదిన గొడుగుల వెనక నిలబడి విన్నది.

“ఏ ఊరి బస్టాండులోనైనా మైకులో ఒక గొంతు వినపడుతుంది కదండీ. దానికి మొహం ఉంటుందని ఎవరూ అనుకోరు. మా వదినకుంది. ఒకసారి వచ్చి చూడండి.”

పెద్దావిడ కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. నిదానం కట్టలోంచి ఇంకో కాగితం తీసి, బొటనవేలితో అంచు సవరించి, మళ్లీ గోడ పక్కన నిలబడింది.

రెండు రోజులుగా మెట్లెక్కి వచ్చినవాళ్లు తన పేరు విని వచ్చారనుకుంది వదిన. వాళ్లందరి సంచులూ ఈ పిల్లే మోసిందన్నమాట. గొడుగుల మధ్యలోంచి బయటికి వచ్చి, ఏం తిన్నావే అని అడిగింది. ఇంకా లేదు వదినా అంది నిదానం. పక్క కొట్లో రెండు బన్నులు, టీ తీసుకుని వచ్చి గడప మీద కూర్చుంది, పక్కన చోటు చూపించింది. బన్ను తుంచుకుంటూ కాసేపు ఇద్దరూ వీధిని చూశారు. కాళ్లకు కర్రలు కట్టుకున్నవాడు గొడుగు తగలకుండా వంగి వెళ్లాడు.

“మొన్న ఏదో చెప్పబోయావు. ఒకాయన అన్నావు,” అంది వదిన.

నిదానం టీ గ్లాసు కింద పెట్టింది. “మంగలి కుర్చీలో పెద్దాయన వదినా. మీరు చివరి మాట అన్నాక పేపరు దించాడు. చెంప కదిలింది, భుజం కదిలింది. ఇంకొంచెం ఆగితే వచ్చేసేది. మీరు వెళ్లిపోయారు.”

“అంత వెనకనుంచి, అది నవ్వేనని నీకెలా తెలుసు?”

“అట్టలో మాత్ర ఉందో లేదో వేలికి తెలుస్తుంది కదా. అలాగే.”

వదిన బన్ను తుంచడం ఆపింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ దయచేసి వేచి ఉండండి, దయచేసి వేచి ఉండండి అని లోకానికి చెప్పిన మనిషి. తను మాత్రం ఒక్క నవ్వు కోసం ఒక్క నిమిషం ఆగలేకపోయింది. తన తరఫున ఆగిన పిల్లను వీధిలో నిలబెట్టింది. తప్పయిందే అనే మాట నాలుక చివరిదాకా వచ్చి, అలవాటు లేని మాట కాబట్టి అక్కడే తచ్చాడింది. బన్నులో పెద్ద సగం ఆ పిల్ల చేతిలో పెట్టి, రేపు లైటు దగ్గర నువ్వే అంది. ఏం చెయ్యమంటారు అని అడిగింది నిదానం, ఎప్పట్లాగే. మొదట చెప్పిందే అంది వదిన.

మర్నాడు మేనేజరమ్మ అన్నట్టే తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. తాళాల గుత్తి చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుంది. కూరల సంచి పెద్దావిడ వచ్చింది, ఇంకో ఇద్దరు ఆవిడ లాంటివాళ్లను వెంటేసుకుని. మంగలి కుర్చీ పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈసారి భార్యను తెచ్చి, మంగలి కుర్చీ ఆవిడకిచ్చి, తను బడి కుర్చీలో ముడుచుకున్నాడు. గారడీ ఆయన తలుపు సందులో మొహం పెట్టాడు, పావురంతో సహా.

వదిన గంట మోగించింది. ఆ రోజు ఒక్క మాటా మార్చలేదు. ప్రతి మాటకూ ముందు కాస్త ఆగింది, అంతే. సంచి పట్టుకుని లేచిన మొగుడి దగ్గర కూరల సంచి ఆవిడ కిసుక్కుమంది. తప్పిపోయిన తల్లి దగ్గర వెనక ఎవరో ఫక్కుమన్నారు. వదిన చివరి మాటకు వచ్చింది.

“చివరి బస్సు వెళ్లిపోయింది. ఇంకా ఇక్కడ నిలబడ్డవాళ్లు ఎందుకు నిలబడ్డారో వాళ్లకే తెలియాలి.”

దీపం ఆరలేదు. ఇంకా ఎవరూ నవ్వలేదు. కాళ్లు దుప్పటి వైపు లాగుతున్నాయి వదినకు. కోటు గుండీ ఒకటి పట్టుకుంది, ఇక అదే ఆధారమన్నట్టు. వెనక గోడ వైపు చూడలేదు, మీట మీద చెయ్యి ఉంటుందని తెలుసు. ఆ చెయ్యి తొందరపడదని కూడా తెలుసు. నిలబడింది. బస్సు వెళ్లిన దారి వైపు మెడ సాచి చూసింది. లేని వాచీ చూసుకుంది. కాళ్ల దగ్గర లేని సంచి ఒకటి ఎత్తి, ఎక్కడికి వెళ్లాలో తెలీక మళ్లీ దించింది.

ముందు పెద్దాయన. చాలాకాలం కొట్టని బోరింగు పంపు, నీళ్లొచ్చే ముందు గడగడమన్నట్టు గొంతులో మొదలై, ఒక్కసారి పొంగింది. దాంతో ఆయన భార్య, కూరల సంచి ఆవిడలు, ఆ వెనక గదికి గదే. కాలు విరిగి అతికిన కుర్చీ ఒకటి మళ్లీ విరిగింది, దానిలోని మనిషి కింద కూర్చునే నవ్వుతున్నాడు. తలుపు దగ్గర మేనేజరమ్మ గుప్పిట జారి తాళాలన్నీ గలగలమన్నాయి. మిగిలిన మధ్యాహ్నాలు వదినకే ఉంచి, గారడీ ఆయనకు చెప్పుల షాపు వెనక గది చూపించిందావిడ, ఆయనా సంతోషంగానే వెళ్లాడు. అదంతా తర్వాతి సంగతి. అప్పుడు మాత్రం వదిన ఎదురుగా అద్దం లేదు. పళ్లున్న నోళ్లూ, పళ్లు లేని నోళ్లూ, కళ్లు తుడుచుకుంటున్న కొంగులూ, ఎర్రబడిన ముక్కులూ, అన్ని మొహాలూ తన వైపే. నవ్వు నాలుగు విధాల చేటంటారు. చేటన్నవాడు ఇలాంటి గదిలో ఎప్పుడూ నిలబడి ఉండడు. మంగలి కుర్చీకీ, బడి కుర్చీలకూ, పావురాలకూ, కునుకు మానుకుని మెట్లెక్కిన ప్రతి మనిషికీ మనసులోనే దణ్ణం పెట్టుకుందావిడ.

నవ్వులు తగ్గాయి. ఆగాయి. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. అది చూసి ఎవరో మళ్లీ కిసుక్కుమన్నారు, గది మళ్లీ లేచింది, మళ్లీ ఆగింది. ఈసారి పూర్తిగా, ఊపిరి తీసుకునే చప్పుళ్లు మాత్రమే మిగిలేలా ఆగింది.

అయినా ఆరలేదు.

వదిన కళ్లకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని వెనక గోడ వైపు చూసింది. నిదానం బల్ల మీదికి వంగిపోయి ఉంది. పెదవులు బిగపట్టింది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్లలోంచి నీళ్లు కారి చేతి మీద పడుతున్నాయి. ఆ చెయ్యి మీట మీదే ఉంది. ఆ పిల్ల కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో నవ్వగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. బిగపట్టిన పెదవులు ఇక ఆగలేదు. గది వెనకనుంచి, చిన్నపిల్ల నవ్వులాంటి నవ్వు ఒకటి ఒంటరిగా వచ్చింది.

జనం తలలు వెనక్కి తిరిగాయి. వదిన మాత్రం కదల్లేదు. చివరి బస్సు వెళ్లిపోయిన చోట, తనకిప్పుడు వెళ్లే తొందరేం లేనట్టు నిలబడి కాచుకుంది.

చాలాసేపటికి ఆ నవ్వూ ఆగింది. అప్పుడు దీపం మెల్లగా ఆరింది.